అమ్మ లైఫ్ సర్టిఫికెట్: వేలిముద్ర పడదు, ఫోన్‌లో యాప్ పట్టదు. ఇంట్లోనే చేయించే దారి ఉందా?

తెనాలి_ఆడపడుచు
మా అమ్మకి 74 ఏళ్ళు. నాన్న కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక అమ్మకి ఫ్యామిలీ పెన్షన్ వస్తోంది. అమ్మ తెనాలిలో ఒక్కతే ఉంటుంది, నేను పుణేలో, తమ్ముడు బెంగళూరులో. నవంబర్ వస్తోందంటే చాలు, నాకు లైఫ్ సర్టిఫికెట్ (పెన్షన్ ఆగకుండా, బతికే ఉన్నానని ఏటా ఇచ్చే పత్రం) టెన్షన్ మొదలవుతుంది.

ఈసారి బ్యాంకులో అమ్మ వేలిముద్ర పడలేదు. పక్క వీధిలో నెట్ సెంటర్‌కి వెళ్ళమన్నారు. అక్కడా పడలేదు. ఆ అబ్బాయి అమ్మ బొటనవేలు పట్టుకుని మెషీన్ మీద అదిమి, తుడిచి, మళ్ళీ అదిమి, "మామ్మగారూ, మీ వేళ్ళు అరిగిపోయాయి" అన్నాడట. అంతవరకు సరే. ఫామ్‌లో ఒక గడి ఉంటుందిగా, దాన్ని చూస్తూ నిండా జనం ఉన్న షాపులో "మళ్ళీ పెళ్ళేమైనా చేసుకున్నారా?" అని గట్టిగా అడిగాడు. అమ్మ ఏమీ మాట్లాడకుండా లేచి వచ్చేసింది. రాత్రి ఫోన్ చేస్తే "ఆ డబ్బు రాకపోతే రాకపోయింది, నేను మాత్రం మళ్ళీ అక్కడికి వెళ్ళను" అంది.

తమ్ముడేమో "ఫోన్‌లోనే ఫేస్ స్కాన్ ఉంది కదా, అయిదు నిమిషాల పని" అంటాడు. అమ్మ ఫోన్‌లో ఆ యాప్ ఇన్‌స్టాల్ కూడా అవడం లేదు. నాకిప్పుడు సెలవు దొరకదు. 30వ తేదీ లోపు ఆవిడ గడప దాటకుండా ఈ పని చేయించే దారి ఎవరికైనా తెలుసా?

చలిమంట
మా ఇంట్లోనూ ఇదే గొడవ. ఎవరేం చెప్తారో చూస్తూ కూర్చుంటా.

గోదారిగట్టు
దారి ఉంది, కంగారు పడకండి. పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేస్తారు. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ వాళ్ళు 2020 నుంచి ఇస్తున్న సేవ ఇది, రుసుము 70 రూపాయలు. మీ పెన్షన్ ఏ బ్యాంకులో పడుతున్నా సరే, వాళ్ళ దగ్గర ఖాతా ఉండక్కర్లేదు. పోస్టాఫీసులో చెప్పినా చాలు, ఆ వీధికి వచ్చే పోస్ట్‌మ్యాన్‌నే నేరుగా అడిగినా చాలు. అమ్మగారి ఆధార్ నంబర్, పీపీఓ (పెన్షన్ మంజూరు చేస్తూ ఇచ్చిన కాగితం) నంబర్, పెన్షన్ పడే ఖాతా నంబర్, మెసేజ్‌లు వచ్చే ఫోన్ దగ్గర పెట్టుకోమనండి. పీపీఓ కాగితం బీరువాలో ఎక్కడ ఉందో ముందే వెతికించండి. అందరూ చివరి నిమిషంలో వెతికేది దాన్నే.

ఆ నెట్ సెంటర్ సంగతి చదివి బాధేసింది. కొత్తగా ఉద్యోగం చేస్తున్నారా, మళ్ళీ పెళ్ళయిందా అనే గడులు ఆ ఫామ్‌లో ఉండేవే. కానీ స్క్రీన్ ఆవిడ వైపు తిప్పి "ఇక్కడ ఏం పెట్టమంటారమ్మా?" అని మెల్లగా అడిగితే అయిపోయేది.

వైర్లు_స్క్రూలు
బెజవాడలో నాది మొబైల్ రిపేర్ షాపు. నవంబర్‌లో మా షాపుకి వచ్చే పెద్దవాళ్ళలో సగం మంది ఇదే పని మీద వస్తారు. కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

వయసు మీద పడ్డకొద్దీ చర్మంలో తేమ తగ్గిపోతుంది, వేలి గీతలు పల్చబడతాయి. చలికాలంలో చర్మం పొడిబారి ఇంకా కష్టం. అలాంటప్పుడు గట్టిగా అదిమితే గీతలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి అసలుకే రావు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, తుడిచి, కాస్త తడి ఉండగానే తేలిగ్గా ఆనించాలి. బొటనవేలే కావాలని రూలేం లేదు, పది వేళ్ళలో ఏది పడినా సరే. చాలామందికి ఉంగరపు వేలు బాగా పడుతుంది, ఇది నా అనుభవం.

ఇక ఫేస్ స్కాన్. ఇది 2021 నవంబర్‌లో వచ్చింది. రెండు యాప్‌లు కావాలి: లైఫ్ సర్టిఫికెట్ తయారుచేసే జీవన్ ప్రమాణ్ ఒకటి, ముఖాన్ని ఆధార్‌తో సరిచూసే ఆధార్ ఫేస్ ఆర్‌డీ ఇంకొకటి. ఈ రెండోది ఇన్‌స్టాల్ అయ్యాక ఫోన్‌లో గుర్తు కనపడదు, లోపల పని చేస్తుంది అంతే. ఎక్కలేదేమో అనుకుని తీసేసి, మళ్ళీ వేసి, చివరికి ఫోన్ నాకు తెచ్చిచ్చేవాళ్ళు చాలామంది. కనపడకపోవడమే దాని పద్ధతి.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి, అమ్మగారి ఫోనే అవ్వాలని లేదు. పక్కింటివాళ్ళ మంచి ఫోన్‌లో చేయొచ్చు. ఒకే ఫోన్‌లో వీధిలో ఉన్న పెన్షనర్లందరికీ చేయొచ్చు. ముందు ఫోన్ పట్టుకున్నవాళ్ళు తమ ఆధార్‌తో, తమ ముఖంతో నమోదవుతారు, తర్వాత పెన్షనర్ వంతు.

తెనాలి_ఆడపడుచు
గోదారిగట్టు గారూ, వైర్లు_స్క్రూలు గారూ, చాలా థాంక్స్. వేరే ఫోన్‌లో చేయొచ్చని నాకు నిజంగా తెలియదు. తమ్ముడికీ తెలియదు. అమ్మ ఫోన్‌లో స్టోరేజ్ నిండిపోయిందని వస్తోంది. నిండా గుడ్ మార్నింగ్ ఫోటోలే. ఒక్కటి తీసేయనివ్వదు, "వాళ్ళు అంత ప్రేమగా పంపితే ఎలా తీసేస్తానే" అంటుంది.

చలిమంట
మా నాన్న ఫోన్‌లో శనివారం వెంకటేశ్వరస్వామి ఫోటోలకి ఒక ఫోల్డర్, గురువారం సాయిబాబాకి ఒక ఫోల్డర్. దేవుళ్ళని డిలీట్ చేయకూడదని కొత్త ఫోనే కొన్నాం. ఇప్పుడు అదీ నిండుతోంది.

కామారెడ్డి_కోడలు
మా అత్తమ్మ నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం కట్టి, ఆ వేళ్ళ మీద గీత అన్నదే మిగల్లేదు. ఆసరా పెన్షన్ కోసం పోస్టాఫీసుకు పోయినప్పుడల్లా మెషీన్ ముందు చేతులు చూసుకుంటూ నిలబడేది, తప్పు తనదే అన్నట్టు. ఆమె చేతులు అట్లా అయింది ముగ్గురు పిల్లల్ని సాకినందుకు. "వేళ్ళు అరిగిపోయినయి" అని ఎవరన్నా అంటే నాకు మస్తు కోపం వస్తుంది. తెనాలి అక్కా, మీ అమ్మగారికి చెప్పండి, అది ఆమె తప్పు కాదని. మా అత్తమ్మకి అది చెప్పినాకనే కొంచెం ధైర్యం వచ్చింది.

తర్వాత కంటిపాప స్కాన్ పెట్టారు, అది మంచిగా పనిచేసింది.

మగ్గం_మాట
కామారెడ్డి_కోడలు చెప్పింది అక్షరాలా నిజం. మంగళగిరిలో మా పెద్దనాన్నది మగ్గం పని, ఆయనదీ అదే కథ.

ఇంకో కారణం కూడా ఉంది, దాన్ని ఎవరూ చూడరు. మా పిన్నికి ఏ వేలూ పడలేదు, కన్నూ పడలేదు, ముఖమూ పడలేదు. అందరూ వయసు అన్నారు. తీరా చూస్తే స్క్రీన్ మీద 330 అని ఎర్రర్ వస్తోంది. అంటే ఆధార్ బయోమెట్రిక్స్ లాక్ అయి ఉన్నాయని అర్థం. వేలిముద్రలతో బ్యాంకు డబ్బు కాజేస్తున్నారని వార్త చూసి మా అన్నయ్యే లాక్ చేశాడు. మంచి పనే చేశాడు, కానీ పిన్నికి చెప్పలేదు. లాక్ తీయగానే మొదటిసారికే పడింది. కాబట్టి ఎర్రర్ వస్తే ఆ నంబర్ చదవండి, ఫోటో తీసి పెట్టుకోండి. లాక్ వేయడం, తీయడం రెండూ ఆధార్ వెబ్‌సైట్‌లోనే చేసుకోవచ్చు. ఓటీపీ మాత్రం ఆధార్‌కి లింకైన ఫోన్‌కే వస్తుంది.

డాలస్_నుంచి
నేను ఇవన్నీ ఎప్పుడో మానేశాను. మా అమ్మానాన్నలు కాకినాడలో ఉంటారు. వాళ్ళ ఫోన్‌లో స్క్రీన్ షేరింగ్ యాప్ పెట్టేశాను. నాకు రాత్రి తొమ్మిదిన్నర అయితే వాళ్ళకి పొద్దున్న తొమ్మిది. ఆ టైముకి ఫోన్ టేబుల్ మీద పెట్టమంటాను, కరెంట్ బిల్లు, గ్యాస్ బుకింగ్, బ్యాంకు అన్నీ ఇక్కడి నుంచే నేనే చేసేస్తాను. వాళ్ళకి నేర్పాలని చూసి అలిసిపోయాను. ఈ వయసులో వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకు? లైఫ్ సర్టిఫికెట్ కూడా అలాగే, ఫోన్ ముందు కూర్చోమంటే చాలు. తెనాలి గారూ, మీరూ అదే చేయండి.

వైర్లు_స్క్రూలు
డాలస్ గారూ, మీ ప్రేమ అర్థమైంది. కానీ పెద్దవాళ్ళ ఫోన్‌లో స్క్రీన్ షేరింగ్ యాప్ ఎప్పుడూ ఉంచకండి. పని అవగానే తీసేయించండి. మోసగాళ్ళు అడిగేది కూడా అదే యాప్. "మా అబ్బాయి కూడా ఇలాగే చేస్తాడు" అనుకుని పెద్దవాళ్ళు ఆ యాప్‌లో కనపడే కోడ్ చదివి ఇచ్చేస్తారు. మా షాపుకి అలా ఏడుస్తూ వచ్చినవాళ్ళు ఉన్నారు.

పెన్షన్_తాత
నా వయసు 78. కాజీపేటలో రైల్వే పని చేసి రిటైరయ్యాను. ఇక్కడ అందరూ మా గురించే మాట్లాడుతున్నారు కాబట్టి మా తరఫున నాలుగు మాటలు నేను చెప్తాను.

మొదటిది, కాగితం పద్ధతి పోలేదు. డిజిటల్ సర్టిఫికెట్ 2014 నవంబర్‌లో మొదలైంది. అంతకుముందు దశాబ్దాల పాటు బ్యాంకుకు వెళ్ళి అధికారి ముందు సంతకం పెట్టాం. ఇప్పుడూ పెట్టొచ్చు. మెషీన్‌లో వేలు పడకపోతే ఫామ్ అడిగి తీసుకోండి, లేదనిపించుకుని తిరిగి రాకండి. మనిషి కళ్ళ ముందు నిలబడి ఉన్నప్పుడు బతికే ఉన్నాడని చెప్పడానికి మెషీన్ అక్కర్లేదు. మంచం మీద ఉన్నవాళ్ళ కోసం బ్యాంకువాళ్ళు ఇంటికి రావాలి, అది అడిగే హక్కు మనకుంది. 80 దాటినవాళ్ళు అక్టోబర్ 1 నుంచే ఇవ్వొచ్చు, నవంబర్ రద్దీలో నిలబడక్కర్లేదు.

రెండోది, డాలస్ బాబుకి. కోపగించుకోకు నాయనా. మీ నాన్నగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ పది మందికి పని చెప్పి ఉంటారు. ఇవాళ తన సొంత డబ్బు తన ఫోన్‌లో ఎటు కదులుతోందో చూస్తూ కూర్చోవడమే ఆయన పని. అది సుఖం కాదు. మా అబ్బాయి కూడా మొదట అంతే. "ఇలా ఇవ్వు నాన్నా" అని చేతిలోంచి ఫోన్ లాక్కునేవాడు, టకటకా నాలుగు నొక్కి ఇచ్చేసేవాడు. ఏం చేశాడో నాకు తెలిసేది కాదు, మళ్ళీ నెల మళ్ళీ వాడినే అడగాలి. నాకు నేర్పింది మా మనవరాలు. ఫోన్ నా చేతిలోనే ఉంచి, తన చేతులు వెనక్కి కట్టుకుని కూర్చునేది. నేను తప్పు నొక్కినా ఆగేది. నాకు అర్థమైందాకా ఆగేది. ఇవాళ నా సర్టిఫికెట్ నేనే చేసుకుంటాను, మా కాలనీలో మరో నలుగురికి చేసిపెడతాను.

మాకు రానిది తెలివి కాదు. మీకు లేనిది తీరిక.

కామారెడ్డి_కోడలు
తాతగారూ, మీ మనవరాలికి మా దీవెనలు చెప్పండి. చేతులు వెనక్కి కట్టుకునే పద్ధతి ఇయ్యాల్టి నుంచి మా ఇంట్లో కూడా.

డాలస్_నుంచి
తాతగారూ, కోపం ఏమీ లేదండీ. కానీ ఒక మాట. మా నాన్నకి కంట్లో శుక్లాల ఆపరేషన్ అయింది, చెయ్యి కొంచెం వణుకుతుంది. తప్పు ఖాతాకి డబ్బు వెళ్ళిపోతే ఎవరు తెచ్చిస్తారు? పదివేల మైళ్ళ దూరంలో ఉన్నవాడికి ఆ భయం మామూలుగా ఉండదు. నేర్పించడం అందరి ఇళ్ళలోనూ కుదరదు. ఆ యాప్ మాత్రం ఇవాళే తీయించేస్తాను, వైర్లు_స్క్రూలు గారు చెప్పింది నిజం.

పెన్షన్_తాత
నీ భయమూ నిజమే. పెద్ద మొత్తాలు ఉన్న ఖాతాని ఫోన్‌కి కలపొద్దు. నెల ఖర్చుకు సరిపడా డబ్బుతో చిన్న ఖాతా ఒకటి పెట్టి, దాన్ని ఆయన చేతికి ఇవ్వు. పోతే కొంచెమే పోతుంది. అక్షరాల సైజు పెద్దది చెయ్యి, వణుకు సంగతి అక్కడే సగం తీరుతుంది.

దోహా_ఎండ
తెనాలి గారూ, సందర్భం కొంచెం పక్కదే, కానీ నాన్నగారు పోయారన్నారు కాబట్టి అడుగుతున్నా. అమ్మగారి బ్యాంకు మెసేజ్‌లు ఏ నంబర్‌కి వస్తున్నాయి?

మా ఇంట్లో అన్నీ నాన్న నంబరే. గ్యాసూ, బ్యాంకూ, అమ్మ ఆధారూ. నాన్న పోయాక ఆ సిమ్‌కి రీచార్జ్ చేయడం ఎవరికీ తట్టలేదు. అమ్మ అప్పుడప్పుడు వాట్సాప్ తెరిచి నాన్న ఫోటో చూసుకునేది. ఒక రోజు ఆ పేరు పక్కన ఎవరో కుర్రాడు బైక్ మీద కూర్చున్న ఫోటో ఉంది. నంబర్ వేరేవాళ్ళకి ఇచ్చేశారు. అమ్మ నాకు ఫోన్ చేసి మాట్లాడలేకపోయింది. నేను ఇక్కడ రూమ్‌లో కూర్చుని ఏం చెప్పాలో తెలియక అలాగే లైన్‌లో ఉండిపోయాను.

ఆ కుర్రాడి తప్పేం లేదు. ఆపేసిన నంబర్‌ని 90 రోజుల దాకా ఎవరికీ ఇవ్వరు, తర్వాత ఇవ్వొచ్చు. మాకెవరూ చెప్పలేదు.

చలిమంట
దోహా అన్నా, చదివి కాసేపు ఏమీ తోచలేదు.

గోదారిగట్టు
దోహా గారూ, ఇది ప్రతి ఇంట్లో తెలుసుకోవలసిన సంగతి. మనిషి పోయాక ఆ సిమ్‌ని కుటుంబ సభ్యుల పేరు మీదకి మార్పించుకోవచ్చు. మరణ ధృవీకరణ పత్రం, మార్చుకునేవాళ్ళ గుర్తింపు కార్డు పట్టుకుని ఆ కంపెనీ స్టోర్‌కి వెళ్ళాలి. కర్మకాండలన్నీ అయ్యాక చేసే పనుల్లో దీన్నీ రాసుకోవాలి. ముందు నంబర్ ఆగిపోకుండా రీచార్జ్ చేసి ఉంచాలి.

ఆధార్‌లో పాత నంబర్ ఉండిపోయి అది పోయినా భయం లేదు. ఆధార్ కేంద్రానికి మనిషి వెళ్తే కొత్త నంబర్ పెడతారు, పాత దానికి ఓటీపీ అడగరు, పత్రాలూ అక్కర్లేదు, రుసుము కట్టాలి అంతే. వేళ్ళు పడనివాళ్ళకి కంటిపాప తీసుకుంటారు. సందేహం ఉంటే ఆధార్ హెల్ప్‌లైన్ 1947కి ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

తెనాలి_ఆడపడుచు
దోహా గారూ, మీ పోస్ట్ చదివి వెంటనే అమ్మకి ఫోన్ చేశాను. బ్యాంకుది అమ్మ నంబరే. గ్యాస్‌ది మాత్రం ఇంకా నాన్న నంబర్. ఆ సిమ్ పాత డబ్బా ఫోన్‌లో బతికే ఉంది, తమ్ముడు రీచార్జ్ చేస్తున్నాడట, ఎందుకో నాకు చెప్పలేదు. ఇప్పుడు అమ్మ పేరు మీదకి మార్పిస్తాం. మీరు రాయకపోతే మాకు ఆ ఆలోచనే వచ్చేది కాదు.

రెండో_షిఫ్ట్
లైఫ్ సర్టిఫికెట్ గురించి కాబట్టి ఇది చెప్పకుండా ఉండలేను. పోయిన నవంబర్‌లో మా బాబాయికి ఫోన్ వచ్చింది. పేరు, పీపీఓ నంబర్, రిటైరైన తేదీ అన్నీ కరెక్ట్‌గా చెప్పారు. "మీ లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ కాలేదు, పెన్షన్ ఆగిపోతుంది, ఓటీపీ చెప్పండి" అన్నారు. అన్ని వివరాలు తెలిసినవాడు ఆఫీసువాడే అనుకున్నాడు బాబాయి. చెప్పేశాడు. క్షణాల్లో ఖాతా ఖాళీ.

పిన్ని తెలివిగా ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసింది. వాళ్ళు కొంత డబ్బు ఇంకో ఖాతాలో ఉండగానే ఆపగలిగారు, మిగతాది పోయింది. మర్నాడు చేద్దాంలే అనుకుని ఉంటే ఆ కొంతా దక్కేది కాదు.

పెన్షన్ ఆఫీసు నుంచి ఎవరూ ఫోన్ చేసి లైఫ్ సర్టిఫికెట్ అప్‌డేట్ చేయరు. ఈ ఒక్క వాక్యం కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ ఛార్జర్ దగ్గర గోడకి అంటించండి. 1930 కూడా అక్కడే రాయండి.

కామారెడ్డి_కోడలు
బాబాయిగారు ఇప్పుడు ఎట్లా ఉన్నారు?

రెండో_షిఫ్ట్
డబ్బు కంటే ఇంట్లో అందరూ అన్న మాటలకే ఎక్కువ కుంగిపోయాడు అక్కా. "అంత చదువుకుని ఎలా చెప్పావు" అని ప్రతివాడూ అడిగాడు. కొన్నాళ్ళు ఫోన్ మోగితే ఎత్తేవాడు కాదు. ఇప్పుడు పర్లేదు. మోసపోయినవాళ్ళని దయచేసి తిట్టకండి. తిడతారని భయపడితే తర్వాతిసారి అసలు ఇంట్లో చెప్పరు, 1930కి చేయాల్సిన టైమ్ అక్కడే దాటిపోతుంది.

పెన్షన్_తాత
ఈ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మా కాలనీలో ఒకాయన ఇంట్లో తెలుస్తుందని పోలీసు కంప్లైంటే ఇవ్వలేదు.

తెనాలి_ఆడపడుచు
అయిపోయిందండీ! పోస్ట్‌మ్యాన్‌కి చెప్పి ఉంచాం కానీ ఆయన వచ్చే లోపే పని జరిగింది. అమ్మ పక్కింట్లో డిగ్రీ చదివే అమ్మాయి ఉంది. ఆదివారం తన ఫోన్‌లో రెండు యాప్‌లు వేసుకుని వచ్చింది. నేను స్పీకర్‌లో ఉన్నాను.

మొదట వంటింట్లో కూర్చోబెట్టి తీస్తే ముఖం తీసుకోలేదు. చుట్టూ వచ్చే గీత ఎర్రగానే ఉండిపోయింది. వరండాలో వెలుతురు ముఖం మీద పడేలా కుర్చీ వేసి, కళ్ళజోడు తీయించి, కెమెరా అద్దం చీర చెంగుతో తుడిచారు. అమ్మ దేవుడి ముందు కూర్చున్నట్టు కళ్ళు మూసుకుని ఉండిపోతోందట, ఆ అమ్మాయి "మామ్మా, మూసి తెరవండి, మూసి తెరవండి" అంటూ నవ్వుతోంది. గీత పచ్చగా అయ్యాక అమ్మ కూడా నవ్వింది. చాలా రోజుల తర్వాత అలా విన్నాను.

తాతగారూ, మీరు చెప్పినట్టే చేయమన్నాను. పీపీఓ నంబర్, ఖాతా నంబర్ అమ్మే కొట్టింది. మెల్లగా కొట్టింది, మేం ఆగాం. పెళ్ళి గడి దగ్గరికి వచ్చేసరికి ఆ అమ్మాయి ఏమీ చదవకుండా ఫోన్ అమ్మ చేతిలో పెట్టింది. అమ్మే "కాదు" నొక్కింది. నేను ఏమీ చెప్పలేదు ఆ పిల్లకి, తనకే తోచింది.

కామారెడ్డి_కోడలు
ఆ పిల్ల బంగారం అక్కా.

వైర్లు_స్క్రూలు
సూపర్! కెమెరా అద్దం సంగతి నేను ముందే చెప్పాల్సింది. మా షాపులో ఫేస్ స్కాన్ పడనివాళ్ళకి మొదట చేసేది ఆ పనే. నూనె, పసుపు, పౌడర్ అన్నీ దాని మీదే ఉంటాయి.

గోదారిగట్టు
సంతోషం. ఇంకొక్క పని మిగిలింది. ప్రమాణ్ ఐడీ (ఆ సర్టిఫికెట్ నంబర్) మెసేజ్ వచ్చినంత మాత్రాన బ్యాంకు తీసుకున్నట్టు కాదు. పీపీఓలోనో ఖాతా నంబర్‌లోనో ఒక్క అంకె తేడా ఉన్నా తర్వాత తిరస్కరిస్తారు. జీవన్ ప్రమాణ్ వెబ్‌సైట్‌లో ఆ ఐడీ కొట్టి సర్టిఫికెట్ దింపుకుని, నంబర్లన్నీ పీపీఓ కాగితంతో సరిచూడండి. బ్యాంకులో కూడా ఒకసారి అడగండి. ఒకవేళ గడువు దాటి పెన్షన్ ఆగినా అది పోయినట్టు కాదు, సర్టిఫికెట్ ఇచ్చాక బకాయిలతో సహా వేస్తారు. కానీ ఆ మధ్యలో మందుల ఖర్చు ఎవరు చూస్తారు, అందుకే చెప్తున్నా.

తెనాలి_ఆడపడుచు
దింపుకుని చూశానండీ, నంబర్లన్నీ సరిపోయాయి. బ్యాంకుకి తమ్ముడు ఫోన్ చేసి అడిగాడు, అందింది అన్నారు.

చలిమంట
ఇది చదివి నేనూ మా నాన్నకి చేద్దామని కూర్చున్నా. ఆయన రాష్ట్ర ప్రభుత్వ టీచర్‌గా రిటైరయ్యారు. ఆయనకీ నవంబర్ 30యేనా?

గోదారిగట్టు
కాదు, అది కేంద్ర పెన్షనర్లకి. రాష్ట్ర పెన్షనర్ల గడువులు వేరు, ఆంధ్రకీ తెలంగాణకీ కూడా వేర్వేరు. మీ ట్రెజరీలో అడిగి తేదీ రాసుకోండి. ప్రావిడెంట్ ఫండ్ పెన్షన్ అయితే సంవత్సరంలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, ఇచ్చిన రోజు నుంచి ఏడాది చెల్లుతుంది.

చలిమంట
సరేనండీ, రేపే ట్రెజరీకి వెళ్తాం. నాన్న ఫోన్‌లో యాప్‌కి చోటు లేదు కాబట్టి నా ఫోన్‌లోనే చేస్తా. దేవుళ్ళ జోలికి పోను.

డాలస్_నుంచి
ఇవాళ మా నాన్నతో గ్యాస్ బుక్ చేయించాను. నేను ఏమీ ముట్టుకోలేదు, ఫోన్‌లో చెప్తూ కూర్చున్నా. నాకు నిద్ర టైమ్ దాటిపోయింది, మధ్యలో రెండుసార్లు వెనక్కి వెళ్ళిపోయారు. బుక్ అయ్యాక వచ్చిన మెసేజ్‌ని అమ్మకి చదివి వినిపించారు. బ్యాంకు మాత్రం ఇంకా నేనే చూస్తాను తాతగారూ, అందులో నా అభిప్రాయం మారలేదు.

పెన్షన్_తాత
మారకపోయినా ఫర్వాలేదు. వచ్చే నెల కరెంట్ బిల్లు కూడా ఆయన చేతే కట్టించు.